తుని లోడులో చోటు

పోయిన వారం రత్నమాణిక్యాన్ని మనం కాలవగట్టు మీద, సగం నిండిన లారీ పక్కన, హరిబాబుకి ఎదురుగా నిలబెట్టి వచ్చేశాం. ఈ వారమే కథలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకి పోదాం.

కడియం చుట్టుపక్కల నర్సరీల్లో ఇరవై రెండేళ్ళు కూలికి అంట్లు కట్టిన మనిషి రత్నమాణిక్యం. చర్చి పేటలో ఇల్లు. కిందటేడు ఎకరం నేల కౌలుకు తీసుకుని సొంతంగా నర్సరీ పెట్టింది. ఆ పేట నుంచి తోటల్లోకి పనికెళ్ళిన చేతులు ఎన్ని వందలో లెక్కలేదు గానీ, బోర్డు మీద పేరు రాయించుకున్న మొదటి మనిషి ఆవిడే. జూన్‌లో హరిబాబు పంపిన లోడులో ఆవిడ మామిడి అంట్లు వెయ్యి తుని వెళ్ళాయి. అందులో మూడొందలు ఎండిపోయాయని కబురు వచ్చింది. ఇవాళ మళ్ళీ తుని లోడే. ఆవిడ మొక్కలు ఇంకో వెయ్యి గట్టు వారన వరసగా నిలబడి ఉన్నాయి. "నీ మొక్క ఈ లారీ ఎక్కదు" అన్నాడు హరిబాబు. అక్కడ ఆగాం.

లోడు సంగతి కూడా ఒక మాట. ఒక్క తోట మొక్కలతో లారీ నిండదు. ఆర్డరు తెచ్చుకున్నవాడు ఇరుగుపొరుగు తోటల్ని కలుపుకుని నింపుతాడు. ఎవరి తోటలో పెరిగినా సరే, మొక్కకి కట్టే చీటీ మాత్రం ఆర్డరు తెచ్చినవాడిదే. అందరూ ఎక్కించాక ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొడతారు. కాయ పగిలిందంటే ఇక లోడు మూసినట్టే, ఒక్క మొక్క ఎక్కదు, ఒక్క మొక్క దిగదు. ఒకసారి లోడులోంచి వెనక్కి పంపిన తోటని ఆ తర్వాత ఎవరూ పిలవరు. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదది. రాసిన రూలు కంటే గట్టిది.

ఆ కొబ్బరికాయ ఇప్పుడు హరిబాబు చేతిలో ఉంది.

పొద్దున్న ఎనిమిది కావొస్తోంది. శ్రావణమాసపు మబ్బు, చినుకు లేదు. హరిబాబు నర్సరీ సంఘానికి ప్రెసిడెంటు. మాట మెత్తగానే ఉంటుంది, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ నలగదు.

"నేను ఆపింది మొక్కల్నే గానీ నిన్ను కాదు, రత్నమాణిక్యం. మనసులో పెట్టుకోకు" అన్నాడు. "అంటు కట్టడంలో నీ చెయ్యి మంచిదే. కాదన్నదెవరు? కానీ అంటు కట్టడం వేరు, తోట నడపడం వేరు. రేపట్నుంచి మా తోటకి వచ్చెయ్. మేస్త్రీని చేస్తాను. గొడుగేసుకుని తిరగొచ్చు."

"గొడుగు సంగతి తర్వాత చూద్దాం అండి. ముందు ఎండిపోయిన మొక్కలు చూపించండి."

"చూపించేదేంటి? గణేష్‌బాబుగారు ఫోటోలు పంపారు కదా." తునిలో నలభై ఎకరాల మామిడితోట వేస్తున్న ఆసామి ఆ గణేష్‌బాబు.

"ఫోటోలో ఆకు కనపడుద్దండి, అతుకు కనపడదు. డ్రైవరుగారు ఐదు మొక్కలు వెనక్కి తెచ్చారంట కదా?"

"తెచ్చాడండి" అన్నాడు సత్తియ్య, లారీ పైనుంచి. లోడింగు మేస్త్రీ అతను. "కేబిన్ వెనకాల గోనె కప్పి పడుకోబెట్టాడు. జొరమొచ్చిన పిల్లల్లాగ."

ఎవరో నవ్వారు. హరిబాబు నవ్వలేదు.

"చూసి ఏం చేస్తావు? చచ్చిపోయినవాటిని బతికిస్తావా? నా చీటీ మీద నా పేరుంది. తునిలో నా పరువు పోయింది. నీ మొక్కల వల్ల."

రత్నమాణిక్యం పైట చెంగు నడుముకి దోపుకుంది. గొంతు పెంచలేదు. ఆవిడకి గొంతు పెంచే అలవాటు లేదు, పేటలో అందరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఆవిడ మాట్లాడుతుంటే మిగతావాళ్ళే గొంతు తగ్గిస్తారు.

"జూన్‌లో పచ్చగా ఉన్నప్పుడు అవి మీ మొక్కలండి. మీ చీటీ, మీ పేరు. ఆగస్టులో ఎండేసరికి నావి అయిపోయాయా అండి?"

హరిబాబు తోటలో అంటు కట్టే ఆడవాళ్ళు ఓ పదిమంది గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో సత్యవాణి అనే పిల్ల నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చెంగు వెనకాల ఏముందో అందరికీ తెలిసింది.

"తియ్యి సత్తియ్యా, చూపించు" అన్నాడు హరిబాబు విసుగ్గా. "చూసుకుని వెళ్తుంది."

ఐదు మొక్కలూ గట్టు మీద పెట్టారు. పై కొమ్మ నల్లగా మాడిపోయి ఉంది. అతుక్కి కింద మాత్రం టెంక మొక్క నిక్షేపంగా చిగురేసింది. మామిడి అంటు కట్టడం చూడనివాళ్ళకి చెప్పాలి. టెంక పాతితే మొలిచే మొక్క ఒకటి, మంచి కాపు కాసే చెట్టు నుంచి కోసిన పుల్ల ఒకటి. ఆ రెండూ చెక్కి, కలిపి, మీద ప్లాస్టిక్ పట్టీ చుడతారు. పైపుల్ల బతికితే బంగినపల్లి. అది చచ్చి కింద టెంక మొక్క చిగురేస్తే ఏ ఊరగాయకీ చాలని పీచుకాయ.

రత్నమాణిక్యం చతికిలబడి మొదటి మొక్క ఒళ్ళో పెట్టుకుంది. పట్టీ ముడి కోసం వేలితో తడిమింది. ముడి పైన లేదు. కింద ఉంది.

ఆవిడ గుండె కుదుటపడింది.

పదహారేళ్ళ వయసులో తాతాజీగారి తోటలో పనికి చేరినప్పుడు, మొదటి రోజు ఆయన అంటు కత్తి చేతికివ్వలేదు. "ఇంటికి తాటాకు ఎటునుంచి ఎటు కప్పుతారే?" అని అడిగాడు. "చూరు నుంచి పైకండి" అంది. "ఎందుకు?" "పై ఆకు కింది ఆకు మీద పడాలండి. లేపోతే నీళ్ళు లోపలికి దిగుతాయి." "అంతే. పట్టీ కూడా అంతే. కింద మొదలెట్టు, పైన ముడెయ్యి. ఇక నీకు నేర్పడానికి ఏం లేదు, పో" అన్నాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళలో ఎన్ని లక్షల అంట్లు కట్టిందో గానీ, ఒక్కటీ పైనుంచి కిందికి చుట్టలేదు. ఆవిడే కాదు, ఈ గట్టు మీద ఎవరూ చుట్టరు. పైనుంచి చుట్టిన పట్టీ బోర్లించాల్సిన గొడుగుని వెల్లకిలా పట్టుకున్నట్టే. రెండు వానలు పడేసరికి అతుకు కుళ్ళిపోతుంది.

"హరిబాబుగారూ, ఇది నా..." అని తలెత్తబోయింది.

అప్పుడు కనపడింది. పట్టీ పై కొస మీద చిన్న చిన్న గాట్లు. పైన నాలుగు, కింద నాలుగు. రెండో మొక్క పట్టీ విప్పింది. అవే గాట్లు. మూడోదీ అంతే.

పళ్ళ గాట్లు.

కిందటి క్రిస్మస్‌కి అరిసెలు పట్టుకుని తాతాజీగారింటికి వెళ్ళింది ఆవిడ. ఆయనకి పక్షవాతం వచ్చి అప్పటికి ఏడాది. కుడిచెయ్యి పనిచెయ్యదు. వెనక వసారాలో కూర్చుని, ఒళ్ళో మామిడి మొక్క పెట్టుకుని, పట్టీ కొస పళ్ళతో కరిచిపట్టి, ఎడంచేత్తో కిందికి చుట్టుకుంటూ కనపడ్డాడు. ఆవిణ్ణి చూసి పట్టీ ఒదిలేసి, "డాక్టరు రబ్బరు బంతి నొక్కమన్నాడే. బంతి నొక్కితే ఏమొస్తుంది, బూడిద? దీనికైతే రెండాకులన్నా వస్తాయి" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

పళ్ళతో పట్టుకున్నవాడు పైనుంచే చుట్టగలడు. కింది నుంచి చుట్టలేడు.

రత్నమాణిక్యం మూడు పట్టీలూ పిడికిట్లోకి తీసుకుని ముడుచుకుంది.

సంఘంలో ఆవిడ పేరు చేర్చుకోవాలా వద్దా అని మూడు గంటలు వాదించుకున్న రోజున, కర్ర పట్టుకుని లేచి నిలబడింది ఆయన. "మీ అందరి తోటల్లో సగం చెట్లు ఈ పిల్ల కట్టినవే. చెట్లు పనికొచ్చి మనిషి పనికిరాదంటే, ముందు ఆ చెట్లు పీకి పారేసి రండి, అప్పుడు మాట్లాడదాం" అన్నది ఆయన. బోర్డు కట్టిన రోజున ఎడంచేత్తో పూలదండ వేసింది ఆయన. ఇప్పుడు ఇంతమందిలో, ఆయన చెయ్యి పడిపోయిందని, ఆయన కట్టిన అంటు కుళ్ళిపోయిందని తన నోటితో చెప్పాలా?

అయినా ఆయన మొక్కలు తన మొక్కల్లోకి ఎలా వచ్చాయి?

"ఏంటి, ఆగిపోయావు?" అన్నాడు హరిబాబు.

"ఇవి నా చేతివి కాదండి."

"మరి ఎవరి చేతివి?"

"నావి కాదండి. అంతవరకే చెప్తాను."

"అంతవరకేంటి? నీ తోటలోంచి నీ మొక్కలు ఎక్కించుకున్నాం. ఎవరివో చెప్పు మరి. చెప్పలేవు. నీవే గనక." హరిబాబు ముందు చక్రం వైపు నడిచాడు. "సత్తియ్యా, తాడు బిగించు. కాయ కొట్టేస్తున్నాను."

సత్తియ్య తాడు ముట్టుకోలేదు. "వెయ్యి మొక్కలకి వెనక మూల ఖాళీ ఉంచానండి. ఖాళీతో కదిలితే లోడు ఒరిగిపోద్ది."

"నా తోటలోంచి కొబ్బరి మొక్కలు తెచ్చి నింపు."

"ఆయ్, నింపొచ్చండి. కానీ మా వోళ్ళు టీకి వెళ్ళారండి."

సత్తియ్య మనుషులు ఆరుగురూ లారీ నీడలోనే కూర్చుని ఉన్నారు. ఒక్కడి చేతిలోనూ టీ గ్లాసు లేదు. హరిబాబు వాళ్ళని చూశాడు, వాళ్ళు కాలవని చూశారు.

అంతలో గట్టు మీద కర్ర చప్పుడు. పక్క తోటలోంచి తాతాజీ వస్తున్నాడు. ఒక అడుగు వేసి, ఆగి, కుడికాలు లాక్కుని, ఇంకో అడుగు. సత్యవాణి పరిగెత్తుకెళ్ళి బోర్లించిన మొక్కల ట్రే ఒకటి తెచ్చి వేసింది. ఆయన కూర్చోలేదు.

"పిడికిలి విప్పవే, మాణిక్యం."

"ఏం లేదండి తాతాజీగారూ."

"విప్పవే అంటే."

విప్పింది. ఆయన ఒక పట్టీ తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. ఆ తర్వాత నోరు తెరిచి పట్టీ కొస పళ్ళ మధ్య పెట్టుకుని, తీసి, హరిబాబు చేతిలో పెట్టాడు.

"చూసుకో. సరిగ్గా సరిపోయిందా? కట్టుడు పళ్ళు కావు, సొంతవే."

హరిబాబుకి అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. అర్థమైనా నమ్మకం కుదరలేదు.

"ఇది... మీరు కట్టిందా అండి?"

"మూడొందలూ నేనే కట్టాను. జూన్‌లో లోడు ఎత్తే రోజు తెల్లవారుజామున మా గేదె తాడు తెంపుకుంది. దీని కౌలు తోట మా పక్కనే కదా. కంచె దాటి పోయి, లోడుకని వరసగా పేర్చి పెట్టుకున్న మొక్కల్లో పొర్లింది. మూడొందలు పచ్చడి చేసింది. నేను లేచి చూసేసరికి అది ఏమీ ఎరగనట్టు నెమరేస్తోంది. ఏం చెయ్యను? మా వసారాలో నేను కట్టుకున్నవి ఉన్నాయి. పచ్చగానే ఉన్నాయి. ఇది రాకముందే సత్తియ్య మనుషులొచ్చారు. ఇవి అక్కడ పెట్టించి, అవి తీయించేశాను."

"చెప్పొద్దన్నారండి పెద్దాయన" అన్నాడు సత్తియ్య లారీ మీద తల దించుకుని. "నా చేత ఒట్టేయించుకున్నారు."

రత్నమాణిక్యం ఆయన వైపే చూస్తోంది. "నాకు చెప్పొచ్చు కదండీ."

"చెబితే ఏం చేసేదానివి? ఏడొందలే ఉన్నాయండి అని నిజం చెప్పేదానివి. పేట నుంచి వచ్చిన మొదటి లోడుకే తక్కువ పడిందన్న మాట వచ్చేది. ఆ మాట నీ మీద పడకూడదనుకున్నాను." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "సాయం చేశాననుకున్నానే. నీ మొక్కల్లో నా మొక్కలు కలిపి, నీ చేతికి నా చెయ్యి అంటగట్టాను. అది సాయం కాదు. నా చేతిలో ఇంకా పని ఉందని నాకు నేను చెప్పుకోవడం."

కాలవ అవతల ఎవరో మోటారు వేశారు.

హరిబాబు గొంతు సవరించుకున్నాడు. "పోనీలెండి, పెద్దవారు. మీరు కావాలని చేశారా? పొరపాటు జరిగింది. గణేష్‌బాబుగారికి నేను సర్దిచెప్తాను."

"చూశారా అండి?" అంది రత్నమాణిక్యం. "నావనుకున్నంతసేపూ పరువు పోయింది. ఆయనవని తేలగానే పొరపాటు అయ్యింది."

తాతాజీకి నవ్వొచ్చింది. నోరు ఒక పక్కకే సాగింది గానీ నవ్వు మాత్రం నిండుగానే ఉంది. "బాగా అన్నావు. ఇంకోసారి అను. వాడికి ఎడం చెవి కాస్త మందం."

"ఇప్పుడు ఏం చెయ్యమంటావు?" అన్నాడు హరిబాబు. మెత్తటి మాట పోయింది. "నీ మొక్కలు ఎక్కించుకోవాలి. అంతేనా?"

"అది ఒకటండి. ఎక్కిస్తే నా మొక్కలకి నా చీటీతో ఎక్కించండి. ఎవరి తోట మొక్కకి ఆ తోట పేరు. బతికినా చచ్చినా ఎవరిదో తెలవాలి."

"నాది కూడా కట్టండి" అన్నాడు తాతాజీ. "ముసలాడి ఎడంచేతి అంటు, ఆలోచించి కొనుక్కోవలెను అని రాయించండి."

"ఇంకోటి, ఆ మూడొందలూ నేను బాగుచేస్తానండి. పైపుల్లే కదా చచ్చింది? టెంక మొక్క బతికే ఉంది, చిగురు పెన్సిలంత లావుంది. భూమిలో ఉన్నదాన్ని ఉన్నట్టే మళ్ళీ అంటు కట్టొచ్చు. కొత్త మొక్క పాతినదాని కంటే తొందరగా లేస్తది. ఈ వారం కట్టుకుందామని వారం కిందటే చెట్టు మీదే ఆకు దూసి ఉంచిన పుల్లలు నా తోటలో ఉన్నాయి. ఈ లారీలోనే వెళ్తాను."

ఆమె భర్త సాల్మన్ అప్పటిదాకా మొక్కల పక్కన నిలబడి ఉన్నాడు. ఆవిడ మాట పూర్తికాకుండానే మోటారుసైకిలు స్టార్టు చేశాడు. "మూడొందల యాభై కోసుకొస్తాను. తడి గోనె ఇంట్లో ఉందా?"

"దండెం మీదుంది" అంది ఆవిడ.

హరిబాబు ఫోన్ తీసి గణేష్‌బాబుకి కలిపాడు. అతను స్పీకరు పెట్టింది న్యాయం కోసం కాదు, తుని ఆసామి ఎలాగూ కాదంటాడు, అది అందరూ వింటారని.

"హరిబాబుగారూ, మీరేం చెప్పొద్దు" అంది ఫోను. "పన్నెండున్నరకి ట్రాక్టరు దింపుతున్నాను. మూడొందలూ పీకించేసి ఆ నేలచెక్కలో జీడిమామిడి వేసుకుంటాను."

రత్నమాణిక్యం ఫోను వైపు వంగింది. "అయ్యా, నమస్కారమండి. నా పేరు రత్నమాణిక్యం. అంటు కట్టేదాన్ని. మీ మొక్కలు చచ్చిపోలేదండి, టోపీ పోయింది అంతే. నేను వచ్చి ఇవాళే మళ్ళీ కట్టేస్తాను. పట్టనిదానికి బదులు మొక్క ఇస్తాను. ట్రాక్టరు ఆపండి."

ఫోను ఫక్కున నవ్వింది. "మూడొందలు ఒక్కరోజులోనా? తోటలో చెట్టు చెట్టుకీ పది గజాలు ఉంది తల్లీ. ఒక్కదానివి కట్టలేవు. పుల్లలు రేపటికి వాడిపోతాయి. నాకూ తెలుసు కాస్త."

"ఒక్కదాన్ని కాదండి. ఐదుగురం వస్తాం."

"వస్తే చూద్దాం. పన్నెండున్నర దాటితే ట్రాక్టరు నా మాట కూడా వినదు." పెట్టేశాడు.

లోడు లారీకి తుని మూడున్నర గంటల దారి. ఇప్పుడు ఎనిమిదీ ఇరవై.

"ఐదుగురా?" అన్నాడు హరిబాబు. "నువ్వు ఒకతివి. మిగతా నలుగురూ ఎక్కణ్ణుంచి పుడతారు?"

ఈ పక్కన చెయ్యి తిరిగినవాళ్ళంతా అతని తోటలోనే పని చేస్తున్నారు. వాళ్ళంతా గేటు దగ్గరే ఉన్నారు. సత్యవాణి నడుముకున్న అంటు కత్తి మీద చెయ్యి వేసింది. ఇంకో ఇద్దరు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

హరిబాబు వాళ్ళ వైపు తిరిగాడు. "నా తోటలోంచి ఎవరైనా ఈ లారీ ఎక్కారో, రేపట్నుంచి ఆ గేటు లోపలికి రానక్కర్లేదు. చెప్తున్నాను."

ఎవరూ కదల్లేదు. సత్యవాణికి ఇద్దరు పిల్లలు. రత్నమాణిక్యం ఆ పిల్లవైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించింది. తన చోటు కోసం ఇంకొకళ్ళ చోటు పోగొట్టే లెక్క ఆవిడకి ఎప్పుడూ కుదరదు. "నేనొక్కదాన్నే వెళ్తానండి. ఎన్ని కడితే అన్ని" అంది.

"ఒక్కదానివి వెళ్ళడం ఎందుకే, ఏడవడానికా?"

ఆ గొంతు గేటు లోపలినుంచి వచ్చింది. హరిబాబు తల్లి శ్యామలాంబ. డెబ్భైకి దగ్గర్లో ఉంది. ఆ ఇంటి వరండా దిగి గేటు దాకా రావడమే ఎవరూ చూడరు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ఉంది. చేతిలో చెక్కపిడి అరిగిపోయిన పాత అంటు కత్తి.

"అమ్మా, నువ్వెందుకు వచ్చావు? లోపలికెళ్ళు" అన్నాడు హరిబాబు.

"ముప్పై ఏళ్ళ నుంచి లోపలే ఉన్నాను. మీ బోర్డు మీద మూడు తరాల నర్సరీ అని రాయించావు కదరా. ఏ మూడు తరాలు? తాతాజీగారూ, మీ తోటలో నేను ఎన్నేళ్ళు కూలికి కట్టాను?"

"ఎనిమిదేళ్ళు" అన్నాడు తాతాజీ. "వాడు అప్పుడు జామచెట్టుకి కట్టిన ఉయ్యాల్లో ఉండేవాడు. తెగ ఏడ్చేవాడు."

లారీ నీడలో ఎవరో దగ్గు వచ్చినట్టు నవ్వారు. హరిబాబు చెవులు ఎర్రబడ్డాయి.

శ్యామలాంబ రత్నమాణిక్యం ముందుకొచ్చి నిలబడింది. "మీ అమ్మ సువార్తమ్మ, నేను ఒకే గోనెపట్టా మీద కూర్చుని కట్టేవాళ్ళమే. ఆవిడ చెక్కేది, నేను చుట్టేదాన్ని. అన్నం గిన్నెలు మాత్రం ఎడంగా పెట్టుకునేవాళ్ళం. ఎడంగా జరిపింది నేనే, ఆవిడ కాదు." కత్తి ముందుకి చాచింది. "ఆవిడకి చెప్పుకోలేదు. నీకు చెప్తున్నాను."

రత్నమాణిక్యం చెయ్యి చాచి ఆ కత్తి తీసుకుంది. బొటనవేలి మీద అడ్డంగా రాసి చూసి, "మొండిదైపోయింది అమ్మగారూ. దారిలో నేను సానబెడతాను" అంది.

"పట్టు పోయిందేమో చేతికి?"

"అది పోదండి."

"పదండి ఇంక" అంది శ్యామలాంబ, గేటు వైపు తిరిగి. "సత్యవాణీ, నువ్వు రా. ఆ ఎర్రచీర పిల్లా, నీ పేరేంటి, నువ్వూ. ఇంకెవరు? నువ్వు. అయిదుగురం అయ్యాం."

"అమ్మా! గేటు లోపలికి రానివ్వనని నేను..."

"గేటు తాళంచెవి నా బొడ్లో ఉందిరా. తోట కాగితం కూడా నా పేరు మీదే ఉంది. మర్చిపోయావా?"

సత్తియ్య మనుషులు ఎవరూ చెప్పకుండానే లేచారు. టీ తాగినంత హుషారుగా ఉన్నారు. గట్టు వారనున్న వెయ్యి మొక్కలూ చేతి నుంచి చేతికి పైకి వెళ్ళాయి. చీటీలు అచ్చువేయించే టైము లేదు. పిల్లల నోటుబుక్కు అట్టలు చింపి, సత్యవాణి స్కెచ్ పెన్నుతో రత్నమాణిక్యం నర్సరీ అని వరసకొకటి రాసి కట్టింది. సాల్మన్ తడి గోనెలో పుల్లలు చుట్టుకుని వచ్చేశాడు. శ్యామలాంబని ఎక్కించడానికి ఒక స్టూలు, ఇద్దరు మనుషులు, నాలుగు శాపనార్థాలు కావాల్సి వచ్చాయి. రత్నమాణిక్యం కేబిన్‌లో ఆవిడ పక్కన కూర్చుని గోనె ఒళ్ళో పెట్టుకుంది. తడి కాళ్ళ మీదికి దిగుతోంది. చల్లగా ఉంది. వెనక మూల ఇక ఖాళీ లేదు. ఇంతవరకూ ఆవిడ అనుకున్నది అనుకున్నట్టే జరిగింది.

"పోనియ్యి బాబూ. ఎనిమిదీ నలభై" అంది.

డ్రైవరు తాళం తిప్పలేదు. ఇబ్బందిగా వెనక్కి తిరిగాడు. "కాయ కొట్టందే బండి తియ్యనండి. తొమ్మిదేళ్ళ నుంచి ఒక్కసారీ తియ్యలేదు. ఘాట్ కాదు, పాడు కాదు, అయినా సరే. నన్నేం అనొద్దు."

ఊళ్ళో కొబ్బరికాయలకి కొరత లేదు. కానీ లోడు కాయ మార్చరు. ఆర్డరు తెచ్చినవాడి చేతిలో ఏ కాయ ఉందో అదే కొట్టాలి, అతనే కొట్టాలి. అది పోతే ఆ రోజుకి లోడు కదలదు. చర్చికి వెళ్ళే రత్నమాణిక్యానికి కాయ కొట్టే ఆనవాయితీ లేదు. తాతాజీ చెయ్యి లేవదు. శ్యామలాంబ కిటికీలోంచి కొడుకుని చూస్తోంది.

హరిబాబు ముందు చక్రం దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వీపు మీద చెమటకి అంటుకుపోయింది. వాళ్ళ అమ్మని చూశాడు. అట్టముక్క మీద స్కెచ్ పెన్ను అక్షరాలు చూశాడు. అన్నీ చూసి, కొబ్బరికాయ ఉన్న చెయ్యి పైకెత్తాడు.

తాతాజీ కర్ర మీద ముందుకి వంగాడు.

చెయ్యి బాగా పైకి లేచింది. హరిబాబు మొహం మాత్రం చక్రం వైపు లేదు. కాలవ వైపు ఉంది.